మామ్మ తలలో జంట దోనె

మొన్న శుక్రవారం పొద్దున్నే మా సందులో రాకపోకలు ఆగిపోయాయి. కారణం ఒక వెదురు గెడ. మా ఇంటికంటే పొడుగైన ఆ గెడని భుజాన వేసుకుని ఒక ఆసామీ సందు మలుపు తిరగబోయి ఇరుక్కున్నాడు. ముందుకి అడుగేస్తే ముందు కొస ఎదురింటివారి కిటికీలోకి దూరుతోంది. వెనక్కి వేస్తే వెనక కొస కుండల బండిని పొడుస్తోంది. కుండలాయన కేకలు. ఎదురింటి అత్తగారు లోపలినుంచి ఆ కొసని పట్టుకుని బయటకి నెట్టడం. నేను వాకిట్లో నిలబడి, నవ్వు ఆగక, చెంగు నోట్లో కుక్కుకున్నాను. అప్పుడు ఆ ఆసామీ తల తిప్పి నన్ను చూశాడు.

"మీరేనాండి, అమ్మాయిగారండి. మా అమ్మ పోయిందండి. ఈ గెడ మీకిచ్చెయ్యమందండి," అన్నాడు.

మా పుట్టింటికి చేపలు తెచ్చే కొల్లేటికోట మామ్మ కొడుకు. రైల్లో ఎక్కనివ్వకపోతే ఏలూరు నుంచి ఈ తాడేపల్లిగూడెం దాకా కాలవ పడవ మీద ఆ గెడతో వచ్చాడు. నోట్లో చెంగు తియ్యకముందే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మామ్మ సంగతి ఎప్పుడూ ఇంతే. ఏది ముందు రావాలో అది ముందు రాదు.

నా పెళ్ళికి ముందు మేము ఏలూరులో ఉండేవాళ్ళం. నాన్నగారు మిషను బడిలో పంతులుగారు. నేను బడి మొహం చూడలేదు. అక్షరాలూ, లెక్కలూ, వాక్యం చదవడమూ అన్నీ వంటింటి గడప మీద కూర్చుని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అందుకు దేవుడికి స్తోత్రం చెప్పని రోజు లేదు. ఆ గడప దగ్గరికే వారానికి రెండుసార్లు మామ్మ చేపల తట్ట తెచ్చేది. తట్టలో బతికున్న కొరమీనులు. అవి కొట్టుకుంటూంటే తట్ట అదిరేది కాని, కింద మామ్మ మెడ అదిరేది కాదు. చేతులు రెండూ ఖాళీయే. తట్ట తల మీద ఉండగానే తమలపాకుకి తీరిగ్గా సున్నం రాసుకుంటూ ఊరి సంగతులన్నీ చెప్పేది.

"తట్ట దించి కాసేపు కూర్చో," అనేది మా అమ్మ.

"కూర్చుంటే కళ్ళు తిరుగుతాయండి అమ్మగారూ."

"నిలబడితే తిరుగుతాయంటారు గాని, కూర్చుంటే తిరగడమేంటే?"

"నేల కదలదు కదండీ. కదలని దాని మీద కుదురుగా ఎలా ఉంటామండి?"

ఇది హాస్యానికి అనేది కాదు. పుట్టిన దగ్గర్నుంచి దోనెలో పెరిగిన మనిషి. మనుషుల్ని కూడా నిలబడే తీరుని బట్టే పోల్చుకునేది. ఒకసారి నాన్నగారు కుటుంబ ప్రార్థన చేస్తూంటే గుమ్మంలో తట్టతో ఆగి, ఆమెన్ అయ్యేదాకా ఊరుకుని, తరవాత అమ్మ చెవిలో, "పంతులుగారు ఎడం కాలి మీదే నిలబడుతున్నారండి. కుడి మోకాలు సలుపుతున్నట్టుంది, నువ్వులనూనె రాయండి," అంది. ఆ నొప్పి సంగతి నాన్నగారు దేవుడికి తప్ప ఎవరికీ చెప్పలేదట.

నా పన్నెండో ఏట నన్ను దోనెలో ఎక్కించుకుంది. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఒక్కటే అయితే దొర్లిపోతుంది. అందుకని రెండు దోనెల్ని పక్కపక్కన చేర్చి, అడ్డకర్రలు వేసి, తాళ్ళతో బిగిస్తారు. అదే జంట దోనె. మామ్మ ఎడం కాలు ఒక దోనెలో, కుడి కాలు ఒక దోనెలో పెట్టి, గెడ నీళ్ళలో దించి నిలబడితే, కింద సరస్సు ఎంత ఊగినా పైన మామ్మ గుడి ధ్వజస్తంభంలా ఉండేది. మా ప్రభువు దోనె లేకుండానే నీళ్ళ మీద నడిచాడని నేను గొప్పగా చెప్పాను.

"గెడ అయినా ఉందా?" అంది మామ్మ.

"లేదు."

గెడ మీద చెయ్యి సర్దుకుంది. "అయితే ఓసారి మా కోట వైపు రమ్మనండి అమ్మాయిగారూ. మా పెద్దోడికి గెడుండీ చేతకావడం లేదు."

నా పంతొమ్మిదో ఏట, కార్తీకం వెళ్ళిన వారం, తట్ట రాలేదు. కొడుకు వచ్చాడు. దోనెలో నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఎడం పక్కకి ఒరిగిపోయిందనీ, మిషను ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో పెట్టామనీ చెప్పాడు. నేను రోజూ పొద్దున్న ఆ వార్డుకి రోగులకి వాక్యం చదివి వినిపించడానికి వెళ్ళేదాన్ని. మర్నాడు పరుగున వెళ్ళాను.

మామ్మ మంచం మీద, వెనక దిళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. కూర్చుని ఉంది అనడం కూడా తప్పే. గాలికి వాలిన తాటిచెట్టులా ఎడం పక్కకి ఒరిగి ఉంది. ఎడం చెయ్యీ ఎడం కాలూ చచ్చుబడ్డాయి. నోరు మాత్రం బాగా ఉంది.

"చూశారాండి అమ్మాయిగారూ, ఈ గోడ ఎంత వంకరగా కట్టాడో మేస్త్రీ? కల్లు తాగి కట్టుంటాడు. ఆ తలుపూ అంతే. ఆ నర్సమ్మ చూడండి, పాపం, చిన్న వయసులోనే ఎలా ఒరిగి నడుస్తోందో."

"మామ్మా, ఒరిగింది నువ్వు."

"నేనా? నేను శుభ్రంగా ఉన్నానండి."

ఎడం పక్కనుంచి రెండు చేతులూ వేసి ఆవిడని నిటారుగా నెట్టాను. అంతే, బాగున్న కుడి చేత్తో పరుపుని అదిమి నా మీదికి తోసింది. నేను ఇంకా నెట్టాను. ఆవిడ ఇంకా తోసింది. "నన్ను కుడి పక్క పడేస్తున్నారండి, పట్టుకోండి," అని కేకలు. నర్సమ్మ సాయానికి వచ్చి నా వెనక నిలబడి నన్ను నెట్టింది. ముగ్గురం ఎద్దుల్లా కాసేపు కుమ్ముకుని, చివరికి మామ్మే నెగ్గింది. నర్సమ్మ నేల మీద, నేను నర్సమ్మ మీద, మామ్మ తల నా ఒళ్ళో. "చెప్పానా పడిపోతానని," అంది మామ్మ, నిమ్మళంగా.

అన్నం దగ్గర ఇంకో వింత. కంచంలో కుడి సగం తుడిచిపెట్టినట్టు తినేసి, "ఈ ఆసుపత్రిలో ఇంతేనాండి పెడతారు?" అనేది. ఎడం సగం అన్నం ఎక్కడిది అక్కడే ఉండేది. ఆ సగం ఆవిడకి లేనే లేదు. కంచం అరచుట్టు తిప్పితే, "ఇప్పుడు వడ్డించారా, తల్లీ చల్లగా ఉండు," అని మళ్ళీ మొదలు. నవ్వాలో ఏడవాలో తెలీక, నేను కంచం తిప్పినప్పుడల్లా లోపల ఒక స్తోత్రం చెప్పుకునేదాన్ని.

డాక్టరమ్మగారు మన తెలుగావిడే. మద్రాసులో చదివి వచ్చారు. రోగికి చెప్పకుండా వైద్యం చెయ్యడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. ఒకనాడు మంచం అంచున కూర్చుని చెప్పారు.

"మామ్మా, తలలో మెదడు ఒక ముద్ద కాదు, రెండు సగాలు. కుడి సగం ఎడం ఒంటిని నడుపుతుంది, ఎడం సగం కుడి ఒంటిని. నీకు కుడి సగానికి దెబ్బ తగిలింది."

"మరి మాటలండి?"

"అవి ఎడం సగంలో ఉంటాయి. వాటికేమీ లోటు రాలేదని వార్డంతా చెబుతోంది."

"నిటారుగా ఉన్నానో లేదో చెప్పేది ఏ సగమండి?"

"అది రెండూ కలిసి చూసుకునే పని. కాని చెరి సమానమని నాకు అనిపించదు. ఎడం పక్క చచ్చుబడినవాళ్ళే ఎక్కువ ఒరగడం, మళ్ళీ కాళ్ళ మీద నిలబడ్డానికి ఎక్కువ రోజులు పట్టడం చూస్తున్నాను. ఇది పుస్తకాలు చూసి చెప్పేది కాదు, మంచాల మధ్య తిరిగి చూసింది. ఆ తూకం కుడి సగం దగ్గర కాస్త ఎక్కువ ఉండేదేమో, అది పోయింది. రెండో సగం ఆ పని నేర్చుకుంటుందో లేదో నేను చెప్పలేను."

"రెంటికీ మధ్య కట్టు ఏమైనా ఉందాండి?"

"ఉంది. లావుపాటి నరాల కట్ట."

"తెగలేదు కదండీ?"

"తెగలేదు."

మామ్మ మొహం వెలిగిపోయింది. "అయితే జంట దోనేనండి. కుడి దోనెలోకి నీళ్ళొచ్చాయి. ఎడం దోనె తేలుతోంది. కట్టు గట్టిగా ఉంది. నీళ్ళొచ్చిన దోనెని మంచి దోనె ఒడ్డుకి లాక్కొస్తుంది. మేము రోజూ చూసేదే కదండీ."

డాక్టరమ్మగారు నా వైపు తిరిగి, "నాకు ఇది అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది," అన్నారు.

ఆ సాయంత్రమే కొడుకు వచ్చాడు. మంచివాడే, కాని తొందరమనిషి. అమ్మ ఇంక నీళ్ళ మీదికి రాలేదనీ, జంట దోనె కట్టు విప్పి ఒకటి తనూ, ఒకటి తమ్ముడూ వాడుకుంటామనీ అన్నాడు. ఒంటి దోనెకి పక్కన ఇంకో మొద్దు కట్టుకుంటారట. అమ్మకి ఇంట్లో నులకమంచం, వేళకింత గంజి.

నేను మామ్మ మొహం చూశాను. చేపలన్నీ తీసేశాక మిగిలిన తట్టలా ఉంది. ఆ దోనె పోతే మామ్మకి నేల ఒక్కటే మిగులుతుంది. నేల మీద ఆవిడకి కళ్ళు తిరుగుతాయి.

"ఒరే," అంది చివరికి. "ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర. ఆనాటికి అమ్మవారి గుడి ముందు, నీళ్ళ మీద, నా దోనెలో నేను నిలబడతాను. ఎవరూ పట్టుకోకుండా. నిలబడలేకపోతే కట్టు విప్పుకో. అప్పుడు మీ ఆవిడ పోసే గంజి నోరెత్తకుండా తాగుతాను."

"నోరెత్తకుండా నువ్వా," అన్నాడు కొడుకు. కాని ఒప్పుకున్నాడు.

అనడం అన్నది గాని, వారం దాటినా గోడలన్నీ వంకరగానే ఉన్నాయి. గోడని చూసి సర్దుకో మామ్మా అంటే వినదు. "గోడ కట్టింది మనిషండి. మనిషి తప్పు చేస్తాడు. నాకు గోడ సాక్ష్యం వద్దు, నీళ్ళ సాక్ష్యం కావాలి," అంది. గంగాళం నిండా నీళ్ళు పట్టించుకుని మంచం పక్కన పెట్టించింది. దోమతెర కర్ర ఒకటి ఊడదీయించి, కుడి చేత్తో పట్టుకుని, గెడలాగే నీళ్ళలో దించింది. తన ఒంటికి నిటారు అనిపించినట్టు పట్టుకుంది.

నీళ్ళు తేరుకున్నాయి. పైన కర్ర, లోపల దాని నీడ. కర్ర తిన్నగా ఉంటే రెండూ కలిసి ఒకటే గీత అవ్వాలి. అలా అవలేదు. మోచెయ్యిలా విరిగింది.

మామ్మ కర్ర కదపకుండా చాలాసేపు ఆ విరుపుని చూసింది. మెల్లిగా మణికట్టు కదిపింది. విరుపు కొంచెం తగ్గింది. ఇంకొంచెం. కర్రతోపాటు భుజం వచ్చింది, భుజంతో మెడ, మెడతో నడుము. కర్రా నీడా ఒక్క గీతయ్యేసరికి మామ్మ నిటారుగా ఉంది. కాని మొహం నిండా చెమట.

"పడిపోతున్నానండి," అంది, ఊపిరి బిగబట్టి. "కుడి పక్కకి పడిపోతున్నానండి అమ్మాయిగారూ."

"లేదు మామ్మా, తిన్నగా ఉన్నావు."

"నా ఒళ్ళు పడిపోతున్నావంటోంది. నీళ్ళు నిలబడ్డావంటున్నాయి. ఎవరి మాట నమ్మనండి?"

జవాబు ఆవిడే చెప్పుకుంది. "నీళ్ళెప్పుడూ నాతో అబద్ధమాడలేదు." కళ్ళు గంగాళంలోంచి తీయకుండా, వణుకుతూ, పడిపోతున్నానని గొణుగుతూ, నిటారుగా కూర్చుంది. విశ్వాసం గురించి నాన్నగారు ఎన్నోసార్లు నాకు చెప్పారు. దాన్ని కళ్ళతో చూసింది ఆరోజే.

ఆ తరవాత మూడు నెలలు ఆ వార్డు వార్డు కాదు, జాతర. మామ్మ నీళ్ళ ముందు కూర్చోగానే చుట్టూ మంచాల మీది వాళ్ళందరూ తెలియకుండానే ఆవిడతోపాటు ఎడం పక్కకి ఒరిగి, ఆవిడతోపాటు నిటారయ్యేవారు. మామ్మ ఒక్కో వేలూ కదిపితే చప్పట్లు. కాలు బొటనవేలు కదిలిన రోజున కడుపు ఆపరేషను కుట్లతో ఉన్న పెదవేగి అమ్మాయి నవ్వీ నవ్వీ కుట్లు తెంపుకుంటుందేమోనని డాక్టరమ్మగారు మామ్మని కేకలేశారు. లేచి నిలబడ్డ రోజు మామ్మ నా వంక చూసి, "మీరు రోజూ పొద్దున్న లేచి నిలబడతారు కదండీ. అందుకు మీ దేవుడికి ఎప్పుడైనా దణ్ణం పెట్టారా?" అని అడిగింది. అన్నానికీ, బట్టకీ, చదువుకీ పెట్టాను. దానికి పెట్టలేదు. ఆనాటినుంచి పెడుతున్నాను.

జాతర నాడు నేనూ వెళతానంటే నాన్నగారు గడ్డం నిమురుకుని, "రోగిని చూసుకోవడానికి వెళుతున్నావు. అమ్మవారి దర్శనానికి కాదు," అన్నారు. సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

బండి మీద సరస్సు ఒడ్డుకి చేరి దోనె ఎక్కాం. మామ్మ మధ్యన చతికిలబడి ఉంది. నేను ముందు కొసన, కొడుకు వెనక గెడతో. కోట దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు కనపడనన్ని దోనెలు. డప్పులు, పసుపు, కోళ్ళ అరుపులు, పిల్లల బూరలు. గుడి ఎదురుగా కొడుకు దోనె ఆపి, గెడ తల్లి చేతికిచ్చి, ఆవిడ నడుం పట్టుకుని లేవదీశాడు. ఎడం కాలు ఎడం దోనెలో, కుడి కాలు కుడి దోనెలో.

"వదలరా," అంది మామ్మ.

వదలబోయాడు. మామ్మ ఎడం పక్కకి వాలింది. మళ్ళీ పట్టుకున్నాడు. ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. గెడ నీడ కోసం చూస్తోంది, నీడ లేదు. ఇన్ని దోనెలు చిలికిన నీళ్ళలో నీడ ముక్కముక్కలైపోయింది. సాక్షి లేడు. కొడుకు కళ్ళు దోనె కట్టు మీదికి వెళ్ళడం చూశాను. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఒరే," అని వినిపించింది. సరస్సు మీద నలభై ఏళ్ళు అరిచిన గొంతు. "ఎవడి గెడ వాడు పైకెత్తండి. ఆ డప్పు ఆపు. దోనెలో పిల్లల్ని కదలనివ్వకండి. నాకు కాసిని కదలని నీళ్ళు కావాలి."

ఎవరో ఎందుకని అడిగారు. "నిలబడ్డానికి," అంది.

ఎలా జరిగిందో చెప్పలేను. మొదట పక్క దోనె, తరవాత దాని పక్కది, గెడలు పైకి లేచాయి. డప్పు ఆగింది. కోళ్ళు కూడా ఆగినట్టే గుర్తు. అలలు గట్టుదాకా వెళ్ళి, తిరిగొచ్చి, సన్నబడి, సర్దుకున్నాయి. అద్దంలాంటి నీళ్ళలో విరిగిన గెడ ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కున్నాయి. మామ్మ మణికట్టు కదిలింది. భుజం, మెడ, నడుము. ఒక్క గీత.

"వదులు," అంది.

వదిలాడు. మామ్మ నిలబడింది.

సరస్సంతా కేక. ఆ కేకకి ఉత్సాహం వచ్చి, మామ్మ ఆగకుండా గెడ అడుక్కి తన్ని ఒక్క తోపు తోసింది. కుడి చెయ్యి ఒక్కటే కదా. దోనె ముందుకి పోలేదు. ఎడమకి గిర్రున తిరిగింది. ఇంకో తోపు, ఇంకో చుట్టు. ఆకాశం, గుడి, జనం, కోళ్ళు, మళ్ళీ ఆకాశం. నేను రెండు అడ్డకర్రలూ పట్టుకుని నవ్వుతున్నానో అరుస్తున్నానో నాకే తెలీదు. కొడుకు వెనక బోర్లా పడ్డాడు. మధ్యలో మామ్మ మాత్రం ధ్వజస్తంభం.

"అమ్మా, గుడి అటుంది," అన్నాడు కొడుకు, పడినచోటినుంచే.

"తెలుసురా. ఆత్మప్రదక్షిణం చేస్తున్నాను. మూడు చుట్లు మొక్కుకున్నాను."

"ఎప్పుడు మొక్కుకున్నావు?"

"ఇప్పుడే."

మూడో చుట్టు అయ్యేసరికి గట్టు మీద జనం చేతులెత్తి దణ్ణాలు పెడుతున్నారు. కట్టు ఎవరూ విప్పలేదు.

ఇంటికొచ్చి నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దింట్లమ్మ ఎదట మూడు ఆత్మప్రదక్షిణాలు చేశానని ఒప్పుకున్నాను. ఆయన గంభీరంగా, "తిరిగింది దోనె. నువ్వు కూర్చునే ఉన్నావు," అని తీర్పు చెప్పి, అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుకున్నారు.

ఇదంతా మొన్న సందులో ఒక్క క్షణంలో గిర్రున తిరిగింది. గెడ ఇంట్లో పట్టక, పెరటి గోడ మీదుగా దించి నూతి పక్కన నిలబెట్టాం. కొడుక్కి అన్నం పెట్టి, ఎలా పోయిందని అడిగాను.

"రెండు రోజులు మంచం మీదుందండి. మూడోనాడు పొద్దున్న లేపి కూర్చోబెట్టమందండి. కూర్చోబెట్టాను. 'నిటారుగా ఉన్నానంట్రా?' అంది. ఉన్నావమ్మా అన్నాను. ఎడం పక్కకి ఒరిగే ఉందండి, కాని ఆ సమయంలో ఏం చెప్పమంటారు? 'నీ మాట కాదు, నీళ్ళు చూపించు,' అంది. చెంబుతో పట్టుకొచ్చానండి." కొడుకు కంచంలో చెయ్యి అలాగే ఆపాడు. "అమ్మకి నిటారుగా కనపడాలని, అమ్మ ఒరిగిన వైపే చెంబు కూడా కాస్త వంచి పట్టుకున్నానండి. బుద్ధి లేక. చెంబు వంగింది గాని నీళ్ళు వంగవు కదండీ. అమ్మ నీళ్ళు చూసింది, నన్ను చూసింది, నవ్విందండి. నవ్వి, తనే కాస్త సర్దుకుని కూర్చుందండి. అలా కూర్చునే పోయిందండి."